తొమ్మిదో భాగానికి రమ్మంటున్న తమ్ముడు

ప్రశ్న

నాకు 34 ఏళ్లు. తమ్ముడు నాకన్నా ఆరేళ్లు చిన్న. వాడికి ఒక హారర్ సిరీస్ అంటే ప్రాణం. ఇది చదివితే పోల్చుకుంటాడని దాని పేరు రాయడం లేదు. ఇప్పటికి ఎనిమిది భాగాలొచ్చాయి, ఇంకో రెండు వారాల్లో తొమ్మిదోది విడుదల. మొదటి రోజుకే రెండు టికెట్లు తీశాడు, ఒకటి నాకట. వచ్చే నెల ఉద్యోగం మీద దూరం వెళ్లిపోతున్నాడు కాబట్టి కాదనలేకపోయాను. నాకేమో ఇలాంటి సినిమాలంటే చచ్చేంత భయం. కొన్నేళ్ల కిందట వాడితోనే ఐదో భాగానికి వెళ్లాను. వాడు అంతకు ముందు రోజే చూసొచ్చి, నాకు చూపించాలని మళ్లీ తీసుకెళ్లాడు. ఒకచోట నేను కెవ్వున అరిచి సీట్లోంచి ఎగిరిపడ్డాను. వాడు పగలబడి నవ్వాడు, ఇంటికొచ్చాక అందరికీ నేను అరిచినట్టు అరిచి చూపించాడు. రెండు రాత్రులు లైటు ఆర్పకుండా పడుకున్నాను. కథ కూడా సగం అర్థం కాలేదు. ఇదే తమ్ముడు పన్నెండేళ్లప్పుడు మొదటి భాగం దొంగచాటుగా చూసి వారం రోజులు నా పక్కలో పడుకున్నాడు! ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఈలోగా ఎనిమిదీ చూసెయ్యాలా? నా భయంతో వాడి సరదా పాడుచేస్తానేమో, రానని చెప్పెయ్యనా?
– ఒక అక్క

సమాధానం

ఎనిమిదీ చూడకండి. ముందా బరువు దించేసుకోండి. పద్నాలుగు రోజుల్లో ఎనిమిది హారర్ సినిమాలంటే దాదాపు రోజు విడిచి రోజు దడుచుకోవడమే. తొమ్మిదోది మొదలయ్యే వేళకి కథంతా వచ్చేస్తుంది గానీ మీ ప్రాణం విసిగిపోయి ఉంటుంది. పరీక్షకు చదువుకుని వచ్చే మనిషి కోసం మీ తమ్ముడు ఆ టికెట్ తియ్యలేదు.

ఒక సంగతి మీరే రాసి, మీరే దాటుకుంటూ వెళ్లిపోయారు. ఐదో భాగాన్ని అతను ముందు రోజే చూసేశాడు. ఏ తలుపు వెనక ఏముందో, అది ఏ క్షణాన మీదికి దూకుతుందో అతనికి తెలుసు. కాబట్టి ఆ రోజు అతను తెరను చూడలేదు, మీ మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు. పక్కన మనిషి ఉన్నా ఆ చీకట్లో భయపడింది మీరొక్కరే. మీకు ఆ నవ్వు అంతగా గుచ్చుకోవడానికి కారణం అదేనని నాకనిపిస్తోంది.

ఈసారి అలా కాదు. మొదటి రోజు టికెట్లు తీశాడు. తనకు ప్రాణమైన సిరీస్‌లో కొత్త భాగాన్ని ముందు తనొక్కడే చూసెయ్యకుండా మీకోసం ఆపుకున్నాడు. ఏళ్ల తరబడి ఒక సిరీస్ వెంట పడినవాళ్లకు మొదటిసారి చూడటం ఎంత విలువైనదో చెప్పలేను. ఆ తర్వాత పదిసార్లు చూసినా ఆ తెలియనితనం మళ్లీ దొరకదు. దాన్ని ఎవరి పక్కన కూర్చుని ఖర్చు చెయ్యాలో వాళ్లు బాగా ఆలోచించుకుంటారు. పాత ఎనిమిదింటి విషయంలో అతనికి అన్నీ తెలుసు, మీకేమీ తెలియదు. తొమ్మిదోదాని ముందు మాత్రం ఇద్దరూ సమానం. మీ పక్కలో పడుకున్న ఆ పన్నెండేళ్ల పిల్లాడు ఇన్నాళ్లకు మళ్లీ మీ పక్కన కూర్చుని, ఏమవుతుందో తెలియక భయపడబోతున్నాడు. అందుకే వెళ్లమంటాను.

ఇక కథ సంగతి. పేరు రాయలేదు గనక మీ సిరీస్ ఏ రకమో మీరే తేల్చుకోవాలి. కొన్నింటిలో ప్రతి భాగమూ కొత్త మనుషులతో మొదలవుతుంది. 2000లో మొదలైన 'ఫైనల్ డెస్టినేషన్' అలాంటిదే. ఒక ఘోర ప్రమాదం జరగబోతోందని ఒకరికి ముందే కళ్లకు కడుతుంది, కొందరు తప్పించుకుంటారు, తప్పించుకున్నవాళ్లను చావు వరసగా వెతుక్కుంటూ వస్తుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే చాలు. 2025లో ఆరో భాగం చూడటానికి 2011 నాటి ఐదో భాగం చూసి ఉండక్కర్లేదు.

కొన్ని సిరీస్‌లు మధ్యలో వచ్చినవాటన్నిటినీ పక్కన పెట్టేసి మొదటి సినిమా దగ్గరికి తిరిగొచ్చేస్తాయి. 'హాలోవీన్' మొదటిది 1978లో వచ్చింది. తర్వాత సీక్వెళ్ల మీద సీక్వెళ్లు తీశారు. 2018లో వచ్చిన భాగం మాత్రం అవేవీ జరగనట్టే లెక్కేసుకుని, మొదటి కథ జరిగిన నలభై ఏళ్లకు ఏమైందన్నది చెప్పింది. దానికి మొదటిదొక్కటి చూస్తే సరిపోతుంది. అదే 'సా' అనుకోండి, చిక్కుముడి. 2004 నుంచి 2010 దాకా ఏటా ఒకటి చొప్పున ఏడు వచ్చాయి, కథ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. 2023లో వచ్చిన పదో సినిమా కథ జరిగేది మొదటిదానికీ రెండోదానికీ మధ్యన! 1996లో మొదలైన 'స్క్రీమ్' లాంటివాటిలో ఎవరు ఎవరికేమవుతారు, ఎవరు ఎప్పుడు బతికి బయటపడ్డారు అన్నవి తర్వాతి భాగాల్లో పనికొస్తాయి. ట్రైలర్‌లో పాత మొహాలు కనిపిస్తుంటే మీది ఈ రకమని అనుకోవచ్చు.

ఏ రకమైనా సరే, మొదటి భాగం మాత్రం ఒకసారి చూడండి. పన్నెండేళ్ల మీ తమ్ముడు దేన్ని చూసి అంత దడుచుకున్నాడో మీకు తెలియాలి. పట్టపగలు, గది కిటికీలు తెరిచి, ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో, శబ్దం సగానికి తగ్గించి చూడండి. మధ్యలో ఆపి మంచినీళ్లు తాగొచ్చు, మిగతాది మర్నాడు చూడొచ్చు. అలా చూస్తే సినిమా పాడైపోతుందని మీ తమ్ముడు అనొచ్చు, నిజమే. ఈ ఒక్కదానికీ పాడవనివ్వండి.

మిగతా ఏడూ అతని నోట వినండి. ఒక సాయంత్రం కూర్చోబెట్టి 'మొత్తం చెప్పరా' అనండి. ఇష్టమైన సిరీస్ కథ మొదట్నించీ చెప్పమని అడిగే మనిషి దొరకడం అభిమానికి పండగే. రెండు గంటలు పడుతుంది. ఏ భాగం దగ్గర అతని గొంతు మారిందో గమనించండి. ఏది చెత్త అంటాడో, ఏ పాత్ర చచ్చిపోయినందుకు ఇప్పటికీ బాధపడతాడో వినండి. ఏ కథా సంగ్రహం చదివినా ఇవి దొరకవు. తొమ్మిదోదానిలో మీకు పనికొచ్చేవి ఇవే.

ఇప్పుడు మీ అసలు సమస్య, ఎగిరిపడటం. దాన్ని మీరు పిరికితనమనుకుంటున్నారు. కాదు. ఉన్నట్టుండి పెద్ద శబ్దం వస్తే మనిషి ఉలిక్కిపడటం మెదడు అడుగు భాగంలో, ఆలోచనకు అందేలోపే జరిగిపోయే పని. కళ్లు మూతపడతాయి, మెడ ముడుచుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి. ధైర్యవంతులకైనా అంతే. అప్పటికే భయంగా ఉన్నవాళ్లకు ఆ ఉలికిపాటు ఇంకా పెద్దదవుతుంది. హారర్ తీసేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే ముందు ఐదు నిమిషాలు మిమ్మల్ని నిశ్శబ్దంలో బిగబట్టి, మీ ఒంటిని సిద్ధం చేసి, అప్పుడు కొడతారు. ఐదో భాగంలో మీరు అరిచారంటే ఆ దృశ్యం తీసినవాళ్లు తమ పని సరిగ్గా చేశారనే అర్థం.

ఆ ఎత్తు చాలా పాతది. 1942లో 'క్యాట్ పీపుల్' అనే సినిమా వచ్చింది. రాత్రి వీధిలో ఒకావిడ ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక అడుగుల చప్పుడు. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆమె నడక పెంచుతుంది, వెనక్కి చూస్తుంది, ఎవరూ ఉండరు. మృగమేదో మీద పడబోతోందని మనం ఊపిరి బిగబట్టిన క్షణాన బుస్సుమంటూ ఒకటి తెరలోకి దూసుకొస్తుంది. చూస్తే అది బస్సు! అంతే, ఏ మృగమూ లేదు. సినిమా నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఆ ఎత్తును ఇప్పటికీ 'లూటన్ బస్' అంటారు. థియేటర్లో అంతా నిశ్శబ్దమై, కెమెరా ఒక్క మనిషి మీదే ఆగి, ఆమె వెనక చీకటి ఎక్కువగా కనిపిస్తోందంటే బస్సు వస్తోందని అనుకోండి. వచ్చినప్పుడు ఉలిక్కిపడతారు, అది తప్పదు. కానీ 'వచ్చింది బస్సు' అని మనసు వెంటనే అనుకోగలిగితే ఆ దడ ఇంటిదాకా రాదు.

ఇంకో మాట. అలాంటి చోట్ల మనం చేతులతో కళ్లు మూసుకుంటాం. చెవులు మూసుకోవాలి. 'హాలోవీన్' దర్శకుడు జాన్ కార్పెంటర్ ఈ సంగతి తనే చెప్పుకున్నాడు. సినిమా పూర్తయ్యాక సంగీతం, శబ్దాలు లేకుండా ఒక స్టూడియో అధికారిణికి చూపించాడు. ఆమెకు రవ్వంత భయం కూడా వెయ్యలేదట. అప్పుడు సంగీతంతోనే సినిమాను గట్టెక్కించాలని పట్టుబట్టి, తనే కూర్చుని బాణీ కట్టాడు. పియానో మీద ఐదు దెబ్బల లెక్క, మన ఖండగతి అనుకోండి. నాలుగుకు అలవాటుపడ్డ చెవికి ఒక దెబ్బ ఎక్కువై, ఎక్కడా నిలవనివ్వదు. బొమ్మ అదే, నటులు వాళ్లే. భయం చెవిలోంచి వచ్చింది. కాబట్టి మెత్తటి ఇయర్‌ప్లగ్గులు ఒక జత సంచిలో పెట్టుకోండి. మాటలు వినిపిస్తూనే ఉంటాయి, దెబ్బ మాత్రం మొద్దుబారుతుంది. అవి లేకపోతే అరచేతులు చాలు. కళ్లు మూసుకుని చెవులు వదిలేస్తే రెండు విధాలా నష్టం. ఏమీ కనిపించదు, వినిపించినదానికి మీ ఊహ బొమ్మ గీస్తుంది. మీ ఊహకు సెన్సారు లేదు.

సీట్లు ఇంకా మార్చుకునే వీలుంటే వెనక వరసలో, నడిచే దారి పక్కన కూర్చోండి. తెర చిన్నదిగా కనిపిస్తుంది, చుట్టూ జనం తలలు కనిపిస్తుంటాయి, ఇది సినిమా అని అవి గుర్తుచేస్తుంటాయి. మరీ కష్టమైతే లేచి ఐదు నిమిషాలు బయట తిరిగి రావడం సులువు. వెలుతురుండగా వదిలే ఆట అయితే ఇంకా మేలు. గుండె జబ్బున్నా, మెరిసే లైట్లకు మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నా ముందు డాక్టరును అడగండి, ఆ విషయంలో మొహమాటం వద్దు.

మీరు అతని సరదా పాడుచేస్తారన్న భయం గురించి చెప్తాను. కొన్నేళ్ల కిందట నేనూ మీలాగే, ముందువి చూడకుండా ఒక పాత సిరీస్ కొత్త భాగానికి స్నేహితుడితో వెళ్లాను. సినిమా మొదలైన పది నిమిషాలకు కాబోలు, ఏమీ జరగని ఒక దృశ్యంలో, వెనక ఎక్కడో నాలుగు స్వరాలు వినిపించాయి. అంతే. నాకేమీ అనిపించలేదు. పక్కన మాత్రం నా స్నేహితుడి చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చినట్టయింది. ఎందుకని అడగబోయి ఆగాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఆ నాలుగు స్వరాల వెనక కథ చెప్పాడు. చెప్తుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సినిమాలో నాకు బాగా గుర్తున్నది ఆ మెట్లే.

అందుకే, జనం ఉన్నట్టుండి ఈలలేస్తే, ఒక మొహం కనిపించగానే చప్పట్లు కొడితే, మీకు అర్థం కాలేదని చిన్నబుచ్చుకోకండి. అప్పుడే అడగనూ వద్దు. గుర్తుపెట్టుకుని బయటికొచ్చాక అడగండి. పాత సిరీస్‌లకు వెళ్లే అభిమానులు భయం కోసమే వెళ్లరు. 'ఫైనల్ డెస్టినేషన్' మొదటి భాగం నుంచీ కనిపిస్తూ వచ్చిన నటుడు టోనీ టాడ్ 2024 నవంబరులో కన్నుమూశారు. 2025లో వచ్చిన ఆరో భాగానికి నటించేనాటికే ఆయన ఒంట్లో బాగాలేదు. అందులో ఆయన సెలవు తీసుకునేటప్పుడు చెప్పే మాటలను దర్శకులు ఆయనకే వదిలేశారు, ఆయన తన సొంత మాటలే చెప్పారు. ముందువి చూడనివాళ్లకు అది ఒక పెద్దాయన నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోవడం. ఇరవై అయిదేళ్లుగా చూస్తున్నవాళ్లకు సొంత మనిషి వీడ్కోలు. మీ తమ్ముడి సిరీస్‌లోనూ అలాంటి మనిషో, బాణీయో, ముసుగో ఉండే ఉంటుంది. కథ చెప్పించుకునే సాయంత్రం అదేదో పట్టుకోండి.

నవ్వు సంగతి మాత్రం వెళ్లే ముందే మాట్లాడుకోవాలి. ఉలికిపాటు తీరగానే అందరికీ నవ్వొస్తుంది, అది ఊపిరి వదలడం లాంటిది. హాలంతా నవ్వితే దాంట్లో మీరూ కలవండి. ఇంటికెళ్లి మిమ్మల్ని అనుకరించి అందరినీ నవ్వించడం వేరు. అది నొప్పించిందని అతనికి బహుశా ఇప్పటికీ తెలియదు, మీరు చెప్పి ఉండరు. ఈసారి చెప్పండి. 'ఒరేయ్, నేను అరుస్తాను, నీ చెయ్యి కూడా పట్టుకుంటాను. అక్కడ నవ్వితే ఫర్వాలేదు. ఇంటికొచ్చి చేసి చూపించావంటే ఇంకెప్పుడూ రాను.' ఇంతే. వారం రోజులు మీ పక్కలో పడుకున్న సంగతి మాత్రం ఎత్తిపొడవడానికి వాడకండి. అప్పుడు మీరు ఎవరికీ చెప్పకుండా కాపాడారు కదా, అది అలాగే ఉండనివ్వండి. అవసరమైతే అతనే గుర్తుచేసుకుంటాడు.

ఆ రాత్రి విషయం. సినిమా నుంచి తిన్నగా మంచమెక్కకండి. కాసేపు నడవండి, తినండి, అతనితో సినిమా గురించే మాట్లాడండి. భయపడ్డ దృశ్యాన్ని మాటల్లో పెడితే అది చిన్నదవుతుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, లైటు ఎటునుంచి పడింది, ఆ నెత్తురు ఎలా చేసి ఉంటారు అని విడదీసి చూడండి. బొమ్మలు కళ్లముందు తిరుగుతూనే ఉంటే ఫోన్‌లో టెట్రిస్ ఆడండి. ఊరికే చెప్పడం లేదు. 2009లో ఎమిలీ హోమ్స్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు కొందరికి గాయాలూ చావులూ ఉన్న దృశ్యాలు చూపించి, అరగంటయ్యాక వాళ్లలో సగం మందితో పది నిమిషాలు టెట్రిస్ ఆడించారు. ఆ తర్వాతి వారంలో ఆడినవాళ్లకు ఆ దృశ్యాలు తమంతట తాము కళ్లముందుకు రావడం తగ్గింది. పడుతున్న ముక్కలను తిప్పి అమర్చే పనిలో మనసులో బొమ్మలు నిలిచే చోటు నిండిపోతుంది, భయం బొమ్మలు గట్టిపడటానికి సందు దొరకదు. వాళ్లు చూపించింది హారర్ సినిమా కాదు గానీ, మీకు ఉపయోగపడుతుందనే నా నమ్మకం. లైటు వేసుకుని పడుకోవాలనిపిస్తే వేసుకోండి. రెండు రాత్రులు లైటు వెలిగితే ఎవరికీ ఏమీ కాదు.

రానని చెప్పాల్సిన సందర్భం ఒకటుంది. సినిమాలో ఉన్నలాంటిది మీ జీవితంలో నిజంగా జరిగి ఉంటే, ప్రమాదమో, దాడో, దగ్గరివాళ్ల చావో, అది తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు వశం తప్పుతుంటే, వెళ్లకండి. అది ఇయర్‌ప్లగ్గులతో తీరేది కాదు. అప్పుడు అతన్ని స్నేహితుడితో పంపించి, ఆట వదిలే వేళకి బయట నిలబడండి. కళ్లు చిట్లించుకుంటూ వెలుతురులోకి వచ్చినవాణ్ని 'ఏమైందిరా, మొదట్నించీ చెప్పు' అని అడగండి. అది కూడా అతనితో కలిసి చూసినట్టే లెక్క.

మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. కాబట్టి ఈ వారంలోనే ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని అతన్ని కూర్చోబెట్టండి. మొదటి భాగం నుంచి మొదలుపెట్టమనండి, తనకు పన్నెండేళ్లప్పుడు చూసినట్టే చెప్పమనండి.